తుప్పు పట్టని గాలం

పాస్కగూలా, మిసిసిపీ
సెప్టెంబర్ 17, 1978

అన్నయ్యకు,

ఈ ఉత్తరం నువ్వు చివరిదాకా చదవవని నాకు తెలుసు. కోపం వచ్చేదాకా చదివి, మడిచి బైబిల్లో పెట్టేస్తావు. అయినా కోపం వచ్చే మాటే ముందు రాస్తున్నాను. తొమ్మిదంగుళాల రబ్బరు వానపాముకి నువ్విచ్చే మూడో నంబరు గాలం చాలదు.

జూలైలో అక్కడికి వచ్చినప్పుడు పోప్లర్ పాయలో నా చేతి నుంచి జారిపోయిన చేప గుర్తుందా? నేను తొందరపడ్డానని నువ్వన్నావు, నాన్న కూడా తలూపాడు. నేను తొందరపడలేదు. పెద్ద వానపాము లావుగా ఉంటుంది. బాస్ చేప నోరు మూసేసరికి అది గాలం కడుపులో, మొనకీ కాడకీ మధ్య ఖాళీలో, ముద్దగా చేరిపోయింది, మొన బయటికి రావడానికి దారే లేదు. నేను లాగితే నమిలిన వానపాము ఒక్కటే తిరిగి వచ్చింది. గాలం పదునుగా ఉంటే సరిపోదు అన్నయ్యా, దానికి కడుపు వెడల్పు ఉండాలి.

ఇక్కడ ఎండ ఇంకా తగ్గలేదు. ఓడ అడుగున కూర్చుని వెల్డింగు చేస్తుంటే బూట్లలో చెమట నిలుస్తోంది. మా ముఠాలో అందరూ సముద్రం మీద గాలం వేసేవాళ్లే. మన సరస్సు చేపలంటే వాళ్లకి చిన్నచూపు.

మన ఊళ్లో దొరికే రకం ఇక్కడ లేదు. రేవు దగ్గర కొట్లో ఐదో నంబరువి, కడుపు వెడల్పువి కనిపిస్తే ఒక జాడీలో పోసి పంపుతున్నాను. మెడ నువ్వే వంచాలి, అది నా వల్ల కాదు. ఒక సంగతి చెప్పాలి, ఇవి స్టెయిన్‌లెస్ స్టీలువి. ఉప్పునీళ్లలో ఏడాది పడేసినా తుప్పు పట్టవట. నీకు నచ్చకపోతే చెప్పు, వేరేవి వెతుకుతాను.

నాన్న కాళ్ల వాపు తగ్గిందా? వదినని అడిగానని చెప్పు.

తమ్ముడు,
గేలన్


ఎస్టెల్, అలబామా
అక్టోబర్ 5, 1978

ఒరేయ్ గేలన్,

నీ ఉత్తరం అందింది. మొదటి పేరాతోనే కడుపు నిండింది. గాలాల గురించి నాకు పాఠం చెప్పేంతటివాడివి అయ్యావన్నమాట. నిన్నగాక మొన్న నీ చొక్కా జేబుకే గాలం గుచ్చుకుని ఏడిస్తే పటకారుతో తీసినవాణ్ణి నేను.

విను. ఆరంగుళాల వానపాముకి రెండో నంబరు, ఏడున్నరకి మూడు, తొమ్మిది దాటితే నాలుగో ఐదో. నాకు తెలియక కాదు. కానీ గాలం పెద్దదయ్యేకొద్దీ వానపాము కర్రలా బిగుసుకుపోతుంది, ఈదదు. ప్రాణం లేని ఎరని పెద్ద చేప ముట్టదు. కాడ మెడ దగ్గర రెండు విరుపులు ఉంటే వానపాము తల జారదు. మొనని వానపాము ఒంట్లోకి వెనక్కి గుచ్చి దాచాలి, అప్పుడే నాచులో మోళ్లలో చిక్కుకోదు. బొటనవేలి గోరు మీద మొన జారితే ఆకురాయి పట్టాలి, గుచ్చుకుంటే చాలు. అన్నిటికంటే ముఖ్యం, మంచినీళ్ల గాలానికి తుప్పు పట్టే గుణం ఉండాలి. చేప లోపలికి మింగేస్తే లాగి చంపకూడదు, తాడు కోసి వదిలేయాలి. మన నీళ్లలో పది పదిహేను రోజుల్లో గాలం కరిగి రాలిపోతుంది. ఇవన్నీ నాన్న చెప్పిన మాటలే, నేను కల్పించినవి కావు.

నీ జాడీలోవి మొండి గాడిదల్లా ఉన్నాయి. ఒక పటకారు పళ్లు అరిగిపోయాయి. రెండు డజన్లు వంచాను. ఒక డజను దీంతో పంపుతున్నాను, ఇంకో డజను నువ్వు వచ్చినప్పుడు వాడుకోవడానికి నా బల్ల సొరుగులో ఉంచాను. నేను ఐదో నంబరు జోలికి పోను, అవి నీకే. నాది ఎడమచెయ్యి కదా, నా వంపు ఎడమకి ఒరుగుతుంది. ఊళ్లో ఎవడి చేతిలో పెట్టినా ఇది ఎవెల్ వంచిందని చెప్పేస్తాడు.

నాన్న సంగతి బాగాలేదు. గుండె బలహీనపడింది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. మంచం దిగనివ్వొద్దు, చల్లగాలి తగలనివ్వొద్దు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. జాగ్రత్తగా చూసుకుంటే వసంతం దాకా గడుస్తుందేమో అన్నాడు. కిటికీల సందుల్లో గుడ్డలు కుక్కాను. ఆయన బూట్లు అలమర పైన పెట్టేశాను, లేకపోతే కాళ్లు సరస్సు వైపే పోతాయి. నాతో మాట్లాడడం తగ్గించాడు. గడ్డం గీస్తుంటే గోడవైపు చూస్తాడు.

థాంక్స్‌గివింగ్‌ పండక్కి మీ వదిన మోరీన్ తల్లిగారింటికి జార్జియా వెళ్లక తప్పదు. మూడు రోజులు నువ్వొచ్చి నాన్న దగ్గర ఉండు. మందుల కాగితం ఫ్రిజ్ మీద అంటిస్తాను. మంచం దిగనివ్వకు. అంతే నీ పని.

నీ అన్నయ్య,
ఎవెల్


పాస్కగూలా
నవంబర్ 28, 1978

అన్నయ్యకు,

క్షేమంగా చేరాను. నువ్వు గుమ్మంలోకి రాగానే నేను బయలుదేరిపోయాను, ఏమీ అనుకోకు, సోమవారం పొద్దున్నే పని.

నాన్న బాగానే ఉన్నాడు. టర్కీ మాంసం రెండు ముక్కలు, మొక్కజొన్న రొట్టె సగం తిన్నాడు. మందులు వేళకే వేశాను. శుక్రవారం ఎండ బాగా కాసింది. కొంచెం దగ్గు మొదలైంది, చూస్తూ ఉండు.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

తమ్ముడు,
గేలన్


ఎస్టెల్
జనవరి 14, 1979

ఒరేయ్ గేలన్,

అంత్యక్రియల రోజున నీతో నాలుగు మాటలు మాట్లాడదామంటే కుదరలేదు. చర్చి వాళ్లు తెచ్చిన గిన్నెలు ఎవరివి వాళ్లకి ఇచ్చేసరికి నువ్వు బండెక్కేశావు. నాన్న శవపేటిక దగ్గర నువ్వు నన్ను చూడకుండా నిలబడిన తీరు మోరీన్ కూడా గమనించింది. నీకు బాధ ఉంటుంది, కాదనను. నాకూ ఉందిరా.

ఇవాళ నాన్న గది సర్దాను. నేను అలమర పైన పెట్టిన బూట్లు మంచం కింద ఉన్నాయి. మోరీన్‌ని అడిగితే తాను ముట్టుకోలేదంది, మర్చిపోయి ఉంటుంది. డాక్టరుని మళ్లీ అడిగాను, అన్ని గుడ్డలు కుక్కిన ఇంట్లో ఛాతీలోకి చలి ఎలా దూరిందని. ముసలి ప్రాణం, ఎటునుంచైనా దూరుతుంది అన్నాడు. ఏడు నెలలు గాజుబొమ్మలా కాపాడాను. డిసెంబర్ తొమ్మిదో తారీకు దాటించలేకపోయాను. వసంతం దాకా అన్నాడు కదా, నాకు ఆ నాలుగు నెలలే కళ్లముందు తిరుగుతున్నాయి.

పడవ నీకు రాశాడు. నాకు ఇల్లు ఉందిగా, న్యాయమే. కానీ ఆ పడవకి తారు పూసింది, మోటారు విప్పి కట్టింది ఎవరో నీకు తెలుసు. మంచిది, తీసుకో.

ఏప్రిల్ 21న మన చేపల క్లబ్బు పోటీ. తప్పకుండా రా. నాన్న లేని మొదటి పోటీ, మన ఇంటి నుంచి ఒకరైనా గాలం వేయాలి. నేను తూకం దగ్గర ఉంటాను కాబట్టి వేయకూడదు. పోటీకి ముందు నాలుగు రోజులు సరస్సు మూసేస్తారని మర్చిపోకు.

నీ అన్నయ్య,
ఎవెల్


ఎస్టెల్
ఏప్రిల్ 23, 1979

గేలన్,

శనివారం సాయంత్రం నువ్వు ఒక్క మాట మాట్లాడకుండా బండి తిప్పుకుని పోయావు. నలభై మంది మధ్య నన్ను ఒంటరిగా నిలబెట్టి పోయావు. కాబట్టి కాగితం మీద అడుగుతున్నాను.

నువ్వు తెచ్చిన చేప తొమ్మిది పౌండ్ల రెండు ఔన్సులు తూగింది. దాన్ని తూచేటప్పుడు ముల్లు రెండుసార్లు చూశాను, గర్వంతోరా. నాన్న పేరు మూడుసార్లు ఎక్కిన బోర్డు మీద నీ పేరు నా చేత్తోనే రాద్దామనుకున్నాను. ఎండకి తొట్టిలో చేప చచ్చిపోయింది. చచ్చిన చేపని చర్చి విందుకి కోయడం మనకి ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. హెర్షెల్ కోశాడు. వాడు రెండో స్థానంలో ఉన్నాడు కాబట్టి కక్షతో చేశాడంటావేమో, క్లబ్బు సెక్రటరీగా ప్రతి ఏడాదీ కోసేది వాడే.

కడుపులోంచి గాలం తీసి పైకెత్తాడు. నువ్వు పట్టిన గాలం కాదు, అది పెదవికే ఉంది. ఇది లోపల ఇంకోటి. చిన్న తాడు ముక్క వేలాడుతోంది. ఐదో నంబరు. మెడ ఎడమకి ఒరిగి ఉంది. చుక్క తుప్పు లేదు, అద్దంలా మెరుస్తోంది.

నా గాలం మన నీళ్లలో ఎన్నాళ్లుంటుందో ఊరందరికీ తెలుసు. అంత మెరుస్తోందంటే మింగి రెండు మూడు రోజులే అయ్యుండాలి. అంటే సరస్సు మూసిన నాలుగు రోజుల్లోనే దొంగచాటుగా పట్టి, నీళ్లలో ముంచిన బుట్టలో దాచి, శనివారం తెచ్చావని అందరి మాట. నువ్వు మంగళవారమే వచ్చావు. గురువారం పొద్దున వెళ్లి చీకటి పడ్డాక వచ్చావు, ఎక్కడికి అంటే ఊరికే అన్నావు. హెర్షెల్ నన్ను అందరి ముందు అడిగాడు, ఈ గాలాలు ఎవరెవరికి ఇచ్చావని. నేను అబద్ధమాడలేను. నా తమ్ముడికి తప్ప ఎవరికీ ఇవ్వలేదని చెప్పాను. నువ్వు నా మొహం వంక చూసి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయావు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నీ పని. కాదని ఒక్క మాట అనాల్సింది. ఇప్పుడైనా అను.

ఎవెల్


పాస్కగూలా
మే 1, 1979

అన్నయ్యకు,

సరస్సు మూసిన రోజుల్లో నేను గాలం వేయలేదు. చేపని బుట్టలో దాచలేదు.

అడిగావు కాబట్టి చెప్పాను. నమ్మడం నీ ఇష్టం.

గేలన్


ఎస్టెల్
మే 12, 1979

గేలన్,

మూడు ముక్కలు రాసి ఊరుకున్నావు. వేయలేదంటే ఆ గాలం చేప కడుపులోకి ఎలా పోయిందిరా? దానంతట అది నా సొరుగులోంచి నడిచి వెళ్లిందా? నిన్ను నమ్మాలనే ఉంది, నమ్మడానికి ఒక్క పుల్ల కూడా అందించవు.

గురువారం క్లబ్బు కూర్చుంది. చేతులెత్తమన్నారు. నా చెయ్యి కూడా ఎత్తాను. కంచే చేను మేసిందని రేపు ఎవడూ అనకూడదు కదా. నీ సభ్యత్వం తీసేశారు, బోర్డు మీద హెర్షెల్ పేరు రాశారు. మంగలి షాపులో నేను అడుగు పెడితే మాటలు ఆగిపోతున్నాయి. నాన్న నలభై ఏళ్లు ఈ సరస్సు మీద నిజాయితీగా గాలం వేశాడు. ఆయన మట్టి ఇంకా ఆరలేదు.

నువ్వు తప్పు చేసి ఒప్పుకుంటే నేను ఎలాగో మింగుతాను. నోరు మూసుకుని కూర్చుంటే మాత్రం క్షమించను. పోటీ ముందు ఆ గురువారం ఎక్కడికి వెళ్లావు?

ఎవెల్


పాస్కగూలా
మే 21, 1979

అన్నయ్యకు,

చెయ్యెత్తావన్నమాట. ఏ చెయ్యి, ఎడమదా?

నీకు కావలసింది జవాబు కాదు, ఒప్పుకోలు. చిన్నప్పటి నుంచీ అంతే. గాజు పగిలితే నేనే, కుక్క తప్పిపోతే నేనే. పడవ నాకు రాశాడని నీ గొంతులో అడ్డం పడింది, అది ఇప్పుడు గాలం రూపంలో బయటికొచ్చింది. తారు నువ్వు పూశావు, నిజమే. పూస్తున్నంతసేపూ ఎవరు ఎక్కడ అడుగుపెట్టాలో కూడా చెప్పావు. నాన్న నీ ఇంట్లో ఉన్న ఏడు నెలలూ అలాగే చేశావు. చివరికి ఆయన బూట్లు కూడా నీ అధీనంలోనే.

పడవ నువ్వే తీసుకో. మోటారు తాళం తపాలాలో పంపుతున్నాను. నాకు ఆ సరస్సుతో పని లేదు, క్లబ్బుతో అసలే లేదు.

గురువారం ఎక్కడికి వెళ్లానో నీకు చెప్పను. చెబితే నువ్వు ఇప్పుడున్నంత సుఖంగా ఉండలేవు.

గేలన్


ఎస్టెల్
జూలై 29, 1979

తమ్ముడు గేలన్‌కు,

రెండు నెలలు నీకు రాయకూడదనే అనుకున్నాను. నీ చివరి మాట బెదిరింపు అనుకుని మండిపడ్డాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

హెర్షెల్ ఇచ్చిన ఆ గాలాన్ని నేను పారేయలేదు. జూన్లో ఎందుకో ఒక కాఫీ డబ్బాలో సరస్సు నీళ్లు పోసి అందులో వేశాను, పక్కన మన మామూలు కంచు రంగు గాలం ఒకటి వేసి కిటికీలో పెట్టాను. నువ్వు అబద్ధమాడావని నాకు నేను రుజువు చేసుకోవాలని, దాచడం ఎందుకు. మూడు వారాలకి మామూలుది గోధుమరంగు బురదైపోయింది. నీది ఇవాళ్టికీ అలాగే ఉంది. నెలన్నర దాటింది. నా మొహం చూసుకోవచ్చు.

బైబిల్లోంచి నీ ఉత్తరాలు తీశాను. సెప్టెంబరు ఉత్తరం మొదటిసారి చివరిదాకా చదివాను. స్టెయిన్‌లెస్ స్టీలు, ఏడాదైనా తుప్పు పట్టవు, నచ్చకపోతే చెప్పు అని నువ్వు రాశావు. పటకారు పళ్లు అరిగినప్పుడైనా నాకు తట్టాల్సింది. తుప్పు గురించి నీకు అంత ఉపదేశం చేసి, తుప్పు పట్టని వాటినే నా చేత్తో వంచి ఇచ్చాను.

అంటే ఆ చేప గాలాన్ని ఎప్పుడో మింగి ఉండొచ్చు. పోయిన ఏడాదే మింగి ఉండొచ్చు. నలభై మంది ముందు నేను చెప్పిన లెక్క తప్పు.

ఇంకో సంగతి. పేదలకి ఇద్దామని నాన్న కాన్వాసు కోటు తీస్తే జేబులో నశ్యం డబ్బా దొరికింది. అందులో నశ్యం లేదు. నేను వంచిన ఐదో నంబరు గాలాలు మూడు ఉన్నాయి. సొరుగు చూస్తే ఎనిమిదే ఉన్నాయి. పన్నెండోది ఏదో నాకు అర్థమైంది. కానీ హాలు దాటలేని మనిషి చేతికి అవి ఎలా వచ్చాయి? బూట్లు మంచం కిందికి ఎలా వచ్చాయి?

కోపంతో అడగడం లేదు. ఏం రాసినా ఈసారి చివరిదాకా చదువుతాను.

నీ అన్నయ్య,
ఎవెల్


పాస్కగూలా
ఆగస్టు 9, 1979

అన్నయ్యకు,

అయితే చదువు.

థాంక్స్‌గివింగ్ మర్నాడు, శుక్రవారం. నేను గంజి గిన్నె పట్టుకుని గదిలోకి వెళ్లేసరికి నాన్న మంచం మీద లేడు. గోడ పట్టుకుని నీ బల్ల దాకా నడిచాడు. సొరుగు తెరిచి నాలుగు గాలాలు ఏరి నశ్యం డబ్బాలో వేసుకుంటున్నాడు. నన్ను చూసి దొంగతనం చేస్తూ దొరికిన పిల్లాడిలా నవ్వాడు. "పోప్లర్ పాయకి తీసుకెళ్తావా, దానికి కూడా నీ అన్న చేత చీటీ రాయించుకు రావాలా?" అన్నాడు. డాక్టరు మాట చెప్పాను. "ఆ మంచం మీద ఏప్రిల్ దాకా బతికి ఏం చూడాలిరా, గోడేగా" అన్నాడు.

బూట్లు నేనే దించాను. నేనే తొడిగాను. రెండు దుప్పట్లు చుట్టి పడవలో కూర్చోబెట్టాను.

వానపాముని తానే గుచ్చుకున్నాడు. మొన తలలో గుచ్చి, పక్కనుంచి తీసి, మెడ విరుపు దాకా లాగి, తిప్పి, మొనని మళ్లీ ఒంట్లో దాచడానికి పావుగంట పట్టింది. సాయం చేయబోతే నా చేతి మీద కొట్టాడు. మునిగిన దేవదారు మోడు పక్కన పడేలా విసిరాడు. మూడోసారికి తాడు పక్కకి నడిచింది. ఆయన చేతులు నెమ్మదించాయి కదా, లాగడం ఆలస్యమైంది, చేప లోపలికంటా మింగేసింది. అయినా పడవ దాకా తెచ్చాడు. ఒళ్లో పెట్టుకుని నోరు తెరిచి చూసి అన్నాడు, "లోపలికి పోయింది. తాడు కోసెయ్. మీ అన్న వంచిన గాలం, పది రోజుల్లో కరిగిపోతుంది. వాడు ఎప్పుడూ సరైనదే ఎంచుతాడు."

అది కరగదని నాకు తెలుసు. పంపింది నేనే కదా. నోరు రాలేదు. తాడు కోసి, అది తోక కొట్టేదాకా నీళ్లలో పట్టుకున్నాను. నాన్న పగలబడి నవ్వాడు. వచ్చేటప్పుడు గాలికి నీళ్లు ఎగిరి దుప్పటి తడిసింది. ఇంటికి వచ్చేసరికి దగ్గు. నీకు చెప్పనని ప్రమాణం చేయించుకున్నాడు. పదిహేను రోజులకి పోయాడు.

ఏప్రిల్లో ఆ గురువారం ఆ పాయ ఒడ్డున కూర్చున్నాను. గాలం కర్ర కూడా తీసుకెళ్లలేదు. శనివారం ఆ మోడు దగ్గరే విసిరాను, ఇంకెక్కడా విసరాలనిపించలేదు. అదే చేప అని నాకు తెలియదు. హెర్షెల్ ఆ గాలం పైకెత్తినప్పుడు తెలిసింది. నోరు తెరిస్తే నాన్నని చలిలో తిప్పి చంపింది నేనేనని అందరి ముందు, నీ ముందు చెప్పుకోవాలి. దొంగ అనిపించుకోవడమే తేలికనిపించింది.

కానీ నీ మాట మాత్రం మర్చిపోలేను. తమ్ముడికి తప్ప ఎవరికీ ఇవ్వలేదన్నావు. ఆయన నీ ఇంట్లో, నీ సొరుగుకి ఇరవై అడుగుల దూరంలో ఏడు నెలలున్నాడు. ఆయనకి చేతులున్నాయన్న సంగతే నీకు తట్టలేదు.

క్లబ్బుకి చెప్పొద్దు. దొంగగానే ఉండనీ. ఆ గాలం ఒక్కటి నాకు పంపు.

గేలన్


ఎస్టెల్
ఆగస్టు 26, 1979

గేలన్,

చివరిదాకా చదివాను. నువ్వు వద్దన్న పని చేశాను కూడా. గురువారం క్లబ్బులో నీ ఉత్తరం మొత్తం పైకి చదివాను, నా గురించి రాసింది కూడా వదల్లేదు. మధ్యలో రెండుసార్లు నీళ్లు తాగాల్సి వచ్చింది. హెర్షెల్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బోర్డు మీద వాడి పేరు వాడే గీకేశాడు. నీ పేరు రాయమని కుంచె నా చేతికిచ్చారు. ఎడమకి ఒరిగినా బాగానే వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. నీ పేరు వరకు ఆ సంగతి ముగిసింది.

మన సంగతి ముగియలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లి అడిగాను, ఆ పడవ ప్రయాణమే చంపిందా అని. చెప్పలేనన్నాడు. ఆయనే చెప్పలేకపోతే నేనేం చెప్పను. కొన్ని రోజులు నా చేతికి దొరికితే నీ మెడ కూడా వంచాలనిపిస్తుంది. ఆ నాలుగు నెలలు నాకు కావాలిరా. వసంతంలో కిటికీ గుడ్డలు తీసేసి, ఆయన్ని వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాలనుకున్నాను. అది నీకు చెప్పలేదు, ఆయనకీ చెప్పలేదు.

చలి విషయం ఎప్పటికైనా క్షమిస్తానేమో. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఏడు నెలలు గడ్డం గీశాను, చెంచాతో తినిపించాను, దుప్పట్లు ఉతికాను. ఒక్కనాడు నా దగ్గర నవ్వలేదు. నువ్వు ఒక్క మధ్యాహ్నం బయటికి తీసుకెళ్తే పగలబడి నవ్వాడని రాశావు. ఆ వాక్యం రాయకుండా ఉండాల్సింది. చదివినప్పటి నుంచీ ఆయన నవ్వు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామని చూస్తున్నాను, రావడం లేదు.

నేను ఎప్పుడూ సరైనదే ఎంచుతానన్నాడట. చేతిలో పట్టుకున్నది నువ్వు ఎంచిన గాలం, మెచ్చుకున్నది నన్ను. ఆ ఒక్క మెప్పు కూడా పొరపాటున వచ్చిందే నాకు.

మోటారు తాళం తిప్పి పంపుతున్నాను. పడవ నీది, ఎప్పుడొచ్చి తీసుకెళ్లినా సరే. నేను ఇంట్లో లేని రోజు చూసుకుని రా.

గాలం మాత్రం పంపను. ఆయన నశ్యం డబ్బాలోనే పెట్టాను, అది నా బల్ల సొరుగులో ఉంది. ఆయనతో ఆ మధ్యాహ్నం నీకు దక్కింది. ఈ గాలం నా దగ్గర ఉంటుంది.

ఎవెల్